కరపత్రంలో రెండున్నర, పంట పండాక నలభై

"అమెరికాని చూడండి. రైలు కంపెనీలకి భూములిచ్చారు. కంపెనీలు పట్టాలు వేశాయి, రైతులకి చవగ్గా భూములు అమ్మాయి, దేశం బాగుపడింది. మీరేమో ప్రతిదానికీ అడ్డం పడతారు." భూసేకరణ మీద ఎక్కడ చర్చ జరిగినా కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకున్న పెద్దమనిషి ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. మన కార్యకర్తల్లో కొందరు దీనికి జవాబు తోచక ఊరుకుంటున్నారు. అమెరికా గొడవ మనకెందుకులే అని దాటేస్తున్నారు. దాటేయాల్సిన పని లేదని మేమంటున్నాం. ఆ కథ మొదటి నుంచి చివరిదాకా తెలిస్తే అది వాళ్ళ పక్షాన కాదు, మన పక్షాన సాక్ష్యం చెబుతుంది.

ముందు లెక్క చూద్దాం. 1850 నుంచి 1871 దాకా అమెరికా కేంద్ర ప్రభుత్వం రైలు కంపెనీల పేర ధారాదత్తం చేసిన భూమి సుమారు 13 కోట్ల ఎకరాలు. మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కొండలు, అడవులు, చెరువులు, ఊళ్ళు అన్నీ కలిపి 6.8 కోట్ల ఎకరాలు. అంటే దాదాపు దానికి రెట్టింపు. పైసా తీసుకోకుండా ఇచ్చారు. అసలది ఇవ్వడానికి వాళ్ళదేనా అంటే, కాదు. ఆ నేలమీద తరతరాలుగా బతుకుతున్న ఆదివాసీ జాతుల నుంచి కొంత ఒప్పందాల పేరుతో, కొంత తుపాకులతో లాక్కున్నది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన బాపతు.

ఇచ్చిన పద్ధతి కూడా తెలుసుకోవాలి. అక్కడ భూమిని మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళుగా కొలిచారు. ఒక్కో గడిని సెక్షన్ అంటారు, 640 ఎకరాలు. రైలు మార్గానికి రెండు పక్కలా మైళ్ళ లోతున చదరంగం బల్ల గీసినట్టు గీసి, బేసి నంబరు గళ్ళు కంపెనీకి, సరి నంబరు గళ్ళు ప్రభుత్వానికి అన్నారు. కాలిఫోర్నియాలో సదరన్ పసిఫిక్ కంపెనీకి 1866 చట్టం ప్రకారం దక్కేది ఒక్కో మైలు పట్టాకి 20 సెక్షన్లు, అంటే 12,800 ఎకరాలు.

ఇంత భూమి ఊరికే ఇచ్చేస్తే ఖజానాకి నష్టం కదా అని అప్పట్లోనే కొందరు అడిగారు. దానికి పాలకులు చెప్పిన సమాధానం ఎంత తెలివైనదో చూడండి. రైలు వస్తే మిగిలిన సగం భూమి విలువ పెరుగుతుంది, కాబట్టి మన సగాన్ని రెట్టింపు ధరకి అమ్ముకుందాం, లెక్క సరిపోతుంది అన్నారు. అలాగే చేశారు. మామూలుగా ఎకరా డాలరుం పావుకి అమ్మే ప్రభుత్వ భూమిని రైలు పరిధిలో రెండున్నర డాలర్లు చేశారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద రైతుకి 160 ఎకరాలు ఉచితం అని గొప్పగా చెబుతారు. రైలు పరిధిలో మాత్రం మామూలు రైతుకి చాలాకాలం 80 ఎకరాలే. మరి లెక్క సరిపోయింది ఎవరి జేబులోంచి? కంపెనీకి సర్కారు ఇచ్చిన బహుమతి ఖరీదుని పక్క గడిలో దున్నుకునే రైతు కట్టాడు. అటు కంపెనీ గడిలో కొన్నవాడు కంపెనీకి కట్టాడు. చదరంగం బల్లమీద రైతుకి రెండు రంగుల గళ్ళలోనూ ఆట కట్టే.

ఇక్కడొక పిట్టకథ చెప్పి ముందుకెళ్తాం. మొదటి ఖండాంతర రైలుకి భూమే కాకుండా మైలుకింత అని ప్రభుత్వ బాండ్లు కూడా అప్పుగా ఇచ్చారు. మైదానంలో మైలుకి 16,000 డాలర్లు, కొండల్లో అయితే 48,000. కొండలు ఎక్కడ మొదలవుతాయన్నది తేల్చాల్సి వచ్చింది. శాక్రమెంటో పట్నం దాటి కాస్త దూరం వెళ్ళగానే, కంటికి ఒక్క గుట్ట కనబడని ఆర్కేడ్ క్రీక్ అనే వాగు దగ్గరే సియెరా నెవాడా పర్వతాలు మొదలయ్యాయని ఒక భూగర్భ శాస్త్రవేత్త చేత చెప్పించారు. ప్రభుత్వం ఒప్పుకుంది. కొండ ఎన్నో మైళ్ళు నడిచొచ్చి మైదానంలో కూర్చుంది. ఆ మధ్యనున్న ప్రతి మైలుకీ మూడింతల అప్పు. తప్పుడు పంచనామాలు మన దగ్గరే పుట్టాయని చిన్నబోయేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అన్ని కంపెనీలూ ఒకే రకంగా మోసం చేశాయని మేము చెప్పబోవడం లేదు. నెబ్రాస్కాలో బర్లింగ్టన్ కంపెనీ పదేళ్ళ వాయిదాల మీద, నూటికి ఏడాదికి ఆరు వడ్డీకి భూములు అమ్మింది. కాన్సస్‌లో సాంటా ఫే కంపెనీ ఏజెంట్లని యూరప్ పంపి, 1874 ప్రాంతంలో రష్యా నుంచి మెన్నొనైట్ రైతులని ఊళ్ళకి ఊళ్ళు తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ రైతుల్లో చాలామంది నిలదొక్కుకున్నారు కూడా. కానీ అలాంటి చోట కూడా ఒక సంగతి మరిచిపోకూడదు. భూమి అమ్మినవాడూ, పండిన గోధుమని మోసేవాడూ ఒకడే. కిరాయి ఎంతో వాడే చెబుతాడు. చాలా చోట్ల ఇంకో రైలు లేదు. భూమి వాయిదా తగ్గించినట్టు కనబడినా కిరాయిలో లాక్కోవడానికి వాడికి అడ్డేముంది? పైగా నాగలి పోయినచోటికి వాన వస్తుందని, ఎండిన నేల దున్నితే వానలు పడతాయని ఊదరగొట్టి రైతుల్ని మెట్టల్లోకి తోలారు. 1880ల చివర్లో, 1890ల్లో కరువు వచ్చింది. వాన రాలేదు గానీ వాయిదా మాత్రం తేదీ తప్పలేదు.

ఇక అసలు కథ. అది కాలిఫోర్నియాలో జరిగింది.

ఆల్చిప్పల వాగు

శాన్ వాకీన్ లోయలో, కింగ్స్ నది కిందుగా, టులారీ చెరువుకి ఉత్తరాన ఒక ప్రాంతం ఉంది. అప్పట్లో దాని పేరు మస్సెల్ స్లూ. ఆల్చిప్పల వాగు అనుకోవచ్చు. ఇప్పుడది హాన్‌ఫర్డ్, లెమోర్ పట్నాల చుట్టుపక్కల ప్రాంతం. 1860ల చివర్లో, 1870ల మొదట్లో అక్కడికి రైతులు చేరేనాటికి చాలా భాగం ఎండు నేల. వానని నమ్ముకుంటే గింజ తిరిగి రాదు.

కంపెనీకి ఆ భూముల మీద ఇంకా పట్టా రాలేదు. అయినా రమ్మని పిలిచింది. కరపత్రాలు అచ్చువేసి పంచింది. వాటి సారాంశం ఇదీ: పట్టా రాకముందే వచ్చి భూమిలో దిగండి. ముందు దిగినవాడికే కొనే మొదటి హక్కు. ధర ఎకరా రెండున్నర డాలర్లు మొదలుకొని. చాలావరకు రెండున్నర నుంచి ఐదు మధ్య. భూమికి ధర కట్టేటప్పుడు మీరు చేసుకున్న అభివృద్ధిని లెక్కలోకి తీసుకోం, దాని కారణంగా ధర పెంచం.

రైతులు దీన్ని నమ్మారు. నమ్మక ఏం చేస్తారు? అచ్చువేసిన కాగితం, పెద్ద కంపెనీ, దాని పెద్దల్లో ఒకడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్, ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసినవాడు. (మన పిల్లలకి సీటొస్తే పేపర్లో ఫొటో వేయించుకునే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆయన పెట్టిందే. ఆ డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఈ వ్యాసం చూపించండి.) మన దగ్గర సాదా బైనామా కాగితం మడిచి ట్రంకు పెట్టెలో దాచుకుని ఇరవై ఏళ్ళు దున్నుకున్న రైతుకి ఈ నమ్మకం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

నీళ్ళ కోసం రైతులంతా కలిసి కింగ్స్ నది నుంచి కాలువలు తవ్వుకున్నారు. సర్కారు తవ్వలేదు, కంపెనీ తవ్వలేదు. వేతనం ఇచ్చి తవ్వించే స్తోమత లేక తమ గుర్రాలతో, తమ చేతులతో తవ్వారు. ఒక కాలువ పేరు పీపుల్స్ డిచ్, ప్రజల కాలువ. ఇంకోదాని పేరు లాస్ట్ చాన్స్ డిచ్, ఆఖరి ఆశ. ఆ పేరు పెట్టుకున్నప్పుడు వాళ్ళ పరిస్థితి ఎలా ఉండేదో మనం ఊహించుకోవచ్చు. నీళ్ళొచ్చాయి. ఎడారిలా ఉన్న నేలలో గోధుమ, పశుగ్రాసం, పళ్ళతోటలు లేచాయి. ఇళ్ళు కట్టుకున్నారు, బడులు పెట్టుకున్నారు. 1877లో రైలు హాన్‌ఫర్డ్ మీదుగా వచ్చింది.

అప్పుడు కంపెనీ మనుషులు వచ్చి పొలం పొలం తిరిగి ధర కట్టారు. ఎకరా 17 డాలర్ల నుంచి 40 డాలర్లు.

160 ఎకరాల రైతుని తీసుకోండి. కరపత్రం నమ్మి 400 డాలర్లు సిద్ధం చేసుకున్నవాడు ఇప్పుడు తక్కువలో తక్కువ 2,720, ఎక్కువైతే 6,400 డాలర్లు కట్టాలి. కట్టకపోతే బయటివాళ్ళకి అమ్ముతాం, కట్టుకున్న ఇల్లు, నాటుకున్న చెట్టు వదిలి పొమ్మన్నారు.

కంపెనీ ఇచ్చుకున్న సంజాయిషీ ఏమిటి? మేము "మొదలుకొని" అన్నాం కదా అన్నారు. ఆ ఒక్క మాటలో ఉంది మొత్తం ఉచ్చు. మన రోడ్ల పక్కన వెంచర్ల బోర్డులమీద గజం ధర పెద్ద అంకెల్లో వేసి, పక్కన "నుంచి" అని చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు చూశారా, అదే విద్య. రెండో సంజాయిషీ ఇంకా దొడ్డది. రైతు వేసుకున్న కంచె, కట్టుకున్న ఇల్లు మేము లెక్కలోకి తీసుకోలేదు, వట్టి నేలకే ధర కట్టాం, ఆ ప్రాంతంలో నీటి వసతి ఉన్న నేల మార్కెట్లో అంత పలుకుతోంది అన్నారు. నీటి వసతి! ఆ వసతి ఆకాశం నుంచి పడిందా? ఇంటి గోడని అభివృద్ధి కిందా, కాలువని నేల స్వభావం కిందా రాసుకుంటే రైతు చెమట మొత్తం కంపెనీ ఖాతాలో జమైపోతుంది. ఎండు నేలని ఎండు నేల ధరకే ఇస్తామని పిలిచి, దాన్ని మాగాణి చేసినవాడికే మాగాణి ధరకి అమ్మడం. మేము ఈ కథలో అన్నిటికంటే పట్టుకోమనేది ఈ మెలికనే.

రైలు రావడం వల్ల కూడా విలువ పెరిగింది కదా అని వాదించేవాళ్ళున్నారు. పెరిగింది. రైలు లేకపోతే ఆ గోధుమ ఓడరేవు దాకా వెళ్ళేది కాదు, అది మేము కాదనం. కానీ ఆ రైలు కోసమని కంపెనీకి మైలుకి 12,800 ఎకరాలు ముందే ఇచ్చేశారు. ఒకసారి కూలి తీసుకున్న పనికి రెండోసారి, అదీ పాలేరు దగ్గర, కూలి అడగడాన్ని ఏమంటారో మన ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

రైతులు 1878లో సెటిలర్స్ లీగ్ అనే సంఘం పెట్టుకున్నారు. కోర్టుకి వెళ్ళారు. వాళ్ళ వాదన చిన్నదేం కాదు. కంపెనీకి మొదట రైలు మార్గం నిర్ణయించింది సముద్రతీరం వైపు. తర్వాత కంపెనీ తన లాభం చూసుకుని దాన్ని లోయలోకి మార్చుకుంది. మార్చిన మార్గంలో కూడా ఒక ముక్క ఎప్పటికీ కట్టలేదు. అలాంటప్పుడు ఈ భూమి కంపెనీకి దక్కదు, ప్రభుత్వానిది, ప్రభుత్వ ధరకి మాకమ్మాలి అన్నారు. 1879 డిసెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి లొరెంజో సాయర్ తీర్పు చెప్పాడు. భూమి కంపెనీదేనన్నాడు. ఈ న్యాయమూర్తి స్టాన్‌ఫర్డ్‌కి స్నేహితుడు. కరపత్రం ఎక్కడ? చట్టంలో లేదు, దస్తావేజులో లేదు. దాన్ని న్యాయం కింద తూచే తక్కెడ ఆ కోర్టులో లేదు.

మే 11

1880 మే 11న హాన్‌ఫర్డ్‌లో రైతులంతా వనభోజనాలకీ సభకీ చేరారు. అదే రోజు ఫెడరల్ మార్షల్ ఒకాయన, కంపెనీ తరఫున భూములకి ధర కట్టే ఉద్యోగి, వాళ్ళతోపాటు కంపెనీ దగ్గర ఆ భూములు కొన్న ఇద్దరు, వాల్టర్ క్రో, మిల్స్ హార్ట్, రైతుల్ని ఖాళీ చేయించడానికి బయల్దేరారు. మొదట ఒక రైతు ఇంట్లో లేని సమయంలో సామాను తీసి రోడ్డు మీద పెట్టారు. తర్వాత బ్రూవర్ అనే రైతు పొలం దగ్గర, గుర్రాలమీద వచ్చిన రైతుల గుంపు వాళ్ళకి ఎదురైంది. మాటా మాటా పెరిగింది. మొదట తుపాకీ పేల్చింది ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. నిమిషాల్లో అయిపోయింది. ఐదుగురు రైతులు, హార్ట్, క్రో, మొత్తం ఏడుగురు చనిపోయారు. క్రో అక్కడి నుంచి పారిపోతుండగా వెనక నుంచి కాల్చి చంపారు.

రైతుల తప్పులు మేము దాచం. సంఘం మనుషుల్లో కొందరు రాత్రిళ్ళు ముసుగులేసుకుని తిరిగారు. కంపెనీ దగ్గర భూమి కొన్నవాళ్ళని బెదిరించారు, ఒక ఇల్లు తగలబెట్టారు. రైతుల్లో కొందరు ధర పెరిగితే అమ్ముకుందామని వచ్చిన వ్యాపారులేనని రాసిన చరిత్రకారులున్నారు, అది పూర్తిగా అబద్ధమని మేము అనలేం. బెదిరింపులవల్ల సంఘానికి బలం పెరగలేదు. పేదవాడైన పక్క కొనుగోలుదారు శత్రువైపోయాడు, కంపెనీకి కావాల్సింది సరిగ్గా అదే. చచ్చిన ఏడుగురిలో కంపెనీ వాటాదారు ఒక్కడు లేడు. కంపెనీ తరఫున తుపాకీ పట్టిన ఇద్దరూ కూడా భూమి కావాలనుకున్నవాళ్ళే.

కేసు నడిచింది. రైతుల మీదే. ఫెడరల్ అధికారి విధులకి ఆటంకం కలిగించారని ఐదుగురికి శిక్ష పడింది, తలా ఎనిమిది నెలల జైలు, 300 డాలర్ల జరిమానా. వాళ్ళు విడుదలై వస్తే జనం ఊరేగింపుగా ఎదురెళ్ళారు. ఊరేగింపు అయిపోయింది, భూమి మాత్రం రాలేదు. చివరికి చాలామంది కంపెనీ చెప్పిన ధరకో కాస్త తగ్గింపుతోనో కొనుక్కున్నారు. తక్కినవాళ్ళు పెట్టేబేడా సర్దుకున్నారు. ఫ్రాంక్ నోరిస్ అనే రచయిత ఈ ఘటన ఆధారంగానే 1901లో "ఆక్టోపస్" నవల రాశాడు. ఎనిమిది చేతుల సముద్రజీవి అంటే రైలు కంపెనీ అని అక్కడ ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఇంకో సంగతి. కాల్పులు జరిగిన ఆ 1880 నవంబరులోనే కార్ల్ మార్క్స్ అమెరికాలోని తన మిత్రుడు సోర్గేకి ఉత్తరం రాస్తూ కాలిఫోర్నియా ఆర్థిక పరిస్థితుల మీద గట్టి సమాచారం ఏదైనా ఉంటే పంపమని అడిగాడు. పెట్టుబడి అంత వేగంగా, అంత సిగ్గులేకుండా నేలనీ మనుషుల్నీ తలకిందులు చేస్తున్న చోటుమీద ఆయన చూపు పడడంలో వింతేముంది.

రైతుల బాధ చెబుతూ ఆ నేల అసలు హక్కుదారుల్ని వదిలేస్తే మనమూ కంపెనీ లెక్కలే రాసినట్టవుతుంది. ఆ వాగు, ఆ చెరువు టాచీ యోకుట్ అనే ఆదివాసీలవి. కాలిఫోర్నియా ఆదివాసీలతో 1851, 52లో ప్రభుత్వ ప్రతినిధులు 18 ఒప్పందాలు రాసుకున్నారు, ఇంత భూమి మీకుంచుతాం అని. అమెరికా సెనేట్ తలుపులు మూసుకుని సమావేశమై ఒక్కదాన్నీ ఆమోదించలేదు. అంటే మస్సెల్ స్లూ రైతులకి కరపత్రంతో జరిగింది, వాళ్ళకంటే ముప్ఫై ఏళ్ళ ముందు ఆ నేలమీది జనానికి ఒప్పంద పత్రాలతోనే జరిగింది. సెటిలర్స్ లీగ్ సభల్లో ఈ మాట ఎవరైనా లేవనెత్తిన జాడ మాకు కనబడలేదు. 1934లో లెమోర్ దగ్గర టాచీలకి కేటాయించిన స్థలం సుమారు 40 ఎకరాలు. మళ్ళీ చదవండి, 40 ఎకరాలు, ఒక జాతికి. రైలు కంపెనీకి మైలున్నర కూడా అక్కర్లేదు, పట్టా పదిహేడు అడుగులు వేస్తే అంతకు మించి వచ్చేది.

చట్టంలో ఉన్నప్పుడు ఏమైంది

కరపత్రం కాబట్టి మోసపోయారు, అదే చట్టంలో రాసి ఉంటే రైతుకి దక్కేదిగా అని మీరనొచ్చు. చట్టంలో రాసిన చోటు కూడా ఒకటుంది. కాలిఫోర్నియాకి ఉత్తరాన ఒరెగాన్. ఆరెగాన్ అండ్ కాలిఫోర్నియా అనే రైలు కంపెనీకి 1866లో భూములిచ్చారు. 1869లో పార్లమెంటు అందులో షరతు చేర్చింది. ఈ భూముల్ని నిజంగా సాగు చేసుకునేవాళ్ళకే అమ్మాలి, ఒక్కొక్కరికి 160 ఎకరాలు మించకూడదు, ఎకరా రెండున్నర డాలర్లు మించకూడదు. మస్సెల్ స్లూ రైతులు కలలో కూడా చూడని షరతు ఇది. మించకూడదు అని ఉంది గానీ "మొదలుకొని" అని లేదు.

కంపెనీ ఏం చేసింది? కొంతకాలం కాస్తో కూస్తో అమ్మింది. ఆ తర్వాత కలప ధర పెరిగేసరికి పెద్ద పెద్ద కలప వ్యాపారులకి వేల ఎకరాలు ఒక్క దస్తావేజులో, రెండున్నరకి మించిన ధరకి రాసిచ్చింది. కంపెనీ సదరన్ పసిఫిక్ చేతిలోకి వెళ్ళింది. 1903 వచ్చేసరికి అసలు అమ్మకాలే ఆపేసింది. రైతులు, స్థానికులు గోల చేశారు. 1908లో ప్రభుత్వం కోర్టుకెళ్ళింది. 1915లో సుప్రీంకోర్టు, కంపెనీ షరతు తప్పిన మాట నిజమే అంది. 1916లో పార్లమెంటు చట్టం చేసి సుమారు 28 లక్షల ఎకరాలు వెనక్కి తీసుకుంది. 1890లోనే కట్టని రైలు మార్గాల పక్క భూముల్ని వెనక్కి తీసుకునే చట్టం వచ్చింది. కంపెనీలు తమ అవసరానికి మించి పట్టుకున్న భూమిని తిరిగి తీసుకుని సాగుచేసుకునేవాళ్ళకి ఇవ్వాలని 1892లో ఒమాహాలో సభ జరిపిన పాపులిస్టు పార్టీ, అంటే రైతుల పార్టీ, తన ప్రణాళికలోనే రాసుకుంది. పోరాటం లేనిచోట ఏ కంపెనీ దగ్గర్నుంచీ ఒక్క సెంటు భూమి వెనక్కి వచ్చిన దాఖలా అక్కడ కూడా లేదు.

అయితే చివరి అంకం చూడండి. మాకు రెండున్నరకి అమ్మండి, చట్టమే చెప్పింది కదా అని అదే కేసులో చేరిన జనం వాదనని సుప్రీంకోర్టు కొట్టేసింది. షరతు ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్యది, మీకు హక్కేమీ పుట్టదంది. వెనక్కొచ్చిన భూమి ప్రభుత్వ ఖాతాలోకి పోయింది. పైగా షరతు తప్పిన కంపెనీకి, ఉచితంగా పొందిన ఆ భూమికి, ఎకరా రెండున్నర డాలర్ల లెక్కన పరిహారం ముట్టింది.

ఇప్పుడు మన చట్టం తీయండి. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 101. సేకరించిన భూమిని ఐదేళ్ళు వాడకుండా వదిలేస్తే దాన్ని అసలు యజమానికి గానీ, వారసులకి గానీ, "లేదా" ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకి గానీ తిరిగి ఇవ్వాలని ఉంది. మన పెద్దమనుషులు ఈ సెక్షన్ చూపించి, వాడకపోతే మీ భూమి మీకే వస్తుందయ్యా అని సభల్లో చెబుతున్నారు. మొదటి రెండూ చదివి మూడోది మింగేస్తున్నారు. కంపెనీకో పార్కుకో భూమి అడుగుతూ మీ ఊరికొచ్చినప్పుడు, ఆ "లేదా" తీసేసి రైతుకే తిరిగిస్తామని ఉత్తర్వులో రాస్తారా అని అడగండి. ఇస్తామన్న ధర, ఉద్యోగం, ఇంటి స్థలం ఏ కాగితంలో ఉన్నాయో, తప్పితే కోర్టుకెళ్ళే హక్కు రైతుకి ఉందో లేదో అడగండి. జవాబు గ్రామసభ మినిట్స్ పుస్తకంలో రాయించి, నకలు తీసుకుని, ఒక ప్రతి జిల్లా సంఘం ఆఫీసుకి పంపండి.